మీట నొక్కే ముందు

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వంటి ఊళ్ళలో ఉండే విద్యార్థులకు ఈ అనుభవం కొత్త కాదు. పగటి వేళ దూరాన సైరన్ మోగుతుంది. ఓపెన్‌కాస్ట్ గనికి వెళ్ళే దారులమీద ఎర్రజెండాలు పట్టుకున్న మనుషులు నిలబడి, వచ్చేపోయే వారిని ఆపేస్తారు. కొంతసేపటికి కాళ్ళకింద నేల సన్నగా వణుకుతుంది. ఆ వెంటనే 'ధన్' మని శబ్దం వినిపిస్తుంది. కిటికీ రెక్కలు గలగలమంటాయి.

నేల ముందు వణికి, శబ్దం తరువాత ఎందుకు వినిపించింది? గట్టి రాతిలో కంపనాలు సెకనుకు కొన్నివేల మీటర్ల వేగంతో ప్రయాణం చేస్తాయి. గాలిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లే. అందుకే కబురు ముందు కాళ్ళకు, తరువాత చెవులకు అందుతుంది.

ఇంతకీ ఆ పేలుడును ఎవరు జరిపారు? సురక్షితమైన చోట నిలబడి మీట నొక్కింది ఒకే ఒక మనిషి. బొగ్గు గనుల్లో అతన్ని షాట్‌ఫైరర్ అంటారు. సున్నపురాయి, ముగ్గురాయి, మాంగనీసు వంటి ఇతర ఖనిజాల గనుల్లో బ్లాస్టర్ అంటారు. మీట నొక్కడం చిన్న పిల్లవాడు కూడ చేయగల పనే. మరి ఆ పనికి చట్టం ఒక పరీక్షనూ, యోగ్యతా పత్రాన్నీ ఎందుకు పెట్టింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

చట్టం ఎలా వచ్చింది?

తుపాకిమందుతో గనిలో రాయి పగులగొట్టినట్టు తెలుస్తున్న తొలి సంఘటన 1627లో జరిగింది. నేటి స్లొవేకియా దేశంలో ఉన్న షెమ్నిట్జ్ గనిలో కాస్పర్ వైండ్ల్ అనే ఆయన ఆ పని చేశాడు. తరువాత రెండు వందల ఏళ్ళపాటు గనిపనివారు మందుకు నిప్పు అంటించి పరుగెత్తేవారు. నిప్పు ఒక్కోసారి తొందరగా పాకేది, ఒక్కోసారి ఆలస్యంగా పాకేది. ఎందరో చనిపోయారు. 1831లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌కు చెందిన విలియం బిక్‌ఫర్డ్ ఒకే వేగంతో నెమ్మదిగా కాలే ఫ్యూజు తాడును తయారుచేశాడు. 1860 దశకంలో ఆల్ఫ్రెడ్ నోబెల్ డిటొనేటర్‌నూ, డైనమైటునూ కనిపెట్టాడు.

సాధనాలు మెరుగైనకొద్దీ పేలుడు బలం పెరిగింది. బలం పెరిగినకొద్దీ ఒక మనిషి పొరపాటుకు బలయ్యేవారి సంఖ్య కూడ పెరిగింది. కనుక "ఎవరు పడితే వారు పేల్చరాదు" అనే నియమం అవసరమయింది.

మన దేశంలో గనుల తనిఖీకి 1902లో కలకత్తాలో ఒక కార్యాలయం వెలిసింది. అదే నేడు ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్. 1952 నాటి గనుల చట్టం కింద బొగ్గు గనులకు 1957లోనూ, లోహ ఖనిజాలు మొదలైన ఇతర గనులకు 1961లోనూ వేరువేరు నిబంధనలు వచ్చాయి. బొగ్గు గనుల నిబంధనలను 2017లో తిరగరాశారు. అన్నిటిలోనూ మూలసూత్రం ఒక్కటే. రంధ్రంలో మందు నింపడం, దానిపై మట్టి కూరడం యోగ్యతా పత్రం ఉన్నవాని చేతులమీదుగా గాని, అతని కళ్ళ ఎదుట గాని జరగాలి. పేల్చడం మాత్రం అతడు స్వయంగా చేయాలి.

పరీక్షకు ముందు దాటవలసిన గడపలు

ఈ పరీక్షకు ఎవరంటే వారు కూర్చోవడానికి వీలులేదు. 1983లో వచ్చిన సవరణ ప్రకారం 18 ఏళ్ళు నిండనివారికి గనిలో పనే ఇవ్వరాదు. అప్రెంటిస్‌లకు మాత్రం కొంత మినహాయింపు ఉంది. పనిలో చేరినవారికి 1966 నాటి వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం మొదట కొన్ని వారాలు శిక్షణ ఉంటుంది. పైకప్పు ఎలా చూడాలి, దీపం ఎలా పట్టుకోవాలి, సైగలేమిటి అన్నవి అక్కడ నేర్పుతారు. ఆ తరువాత గనిలో నిజంగా పనిచేసి అనుభవం సంపాదించాలి. మైనింగ్‌లో డిప్లొమా చదివినవారికి ఈ అనుభవ కాలంలో కొంత తగ్గింపు ఉంటుంది. 1961 నిబంధనల ప్రకారం బ్లాస్టరు పరీక్షకు 20 ఏళ్ళు నిండి ఉండాలి.

ఇక మరి మూడు పత్రాలు కావాలి.

మొదటిది వైద్యుని పత్రం. అభ్యర్థికి చెవుడు గాని, చూపులో లోపం గాని ఉండరాదు. ఈ షరతు ఎందుకో ఊహించగలరా? ఫ్యూజు తాడుతో విడివిడిగా పేల్చినప్పుడు బ్లాస్టరు ఎన్ని తూటాలు పేలాయో చెవితో లెక్కపెట్టాలి. పది పెడితే తొమ్మిదే వినిపించాయనుకోండి. ఒకటి రాతిలో సజీవంగా మిగిలి ఉన్నదన్నమాట. ఆ ఒక్క శబ్దం వినని చెవి, మరుసటి షిఫ్టులో అక్కడ డ్రిల్లు పెట్టేవాని ప్రాణం తీస్తుంది.

రెండవది ప్రథమ చికిత్స నేర్చినట్టు పత్రం. దీన్ని సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థ ఇస్తుంది. గని లోతులో గాయపడిన వానికి వైద్యుడు వచ్చేదాకా దిక్కు పక్కనున్న మనిషే.

మూడవది నడవడికి సంబంధించినది. అభ్యర్థి మత్తుకు లోబడనివాడని, నిలకడ గలవాడని తెలిసినవారు రాసి ఇవ్వాలి. లెక్కలకు మార్కులు వేసే పరీక్షలు చాలా ఉన్నాయి. నిలకడను కూడ అడిగే పరీక్ష ఇది.

భూగర్భ బొగ్గు గనిలో పనిచేయదలచిన వానికి వీటికి తోడు గాలిలోని మండే వాయువును గుర్తించగలడని తెలిపే వాయు పరీక్షా పత్రం కూడ కావాలి.

ఏమి చదవాలి? మొదట రాయి

ఒక రంధ్రంలో మూడు మీటర్ల పొడవున పేలుడు పదార్థం నింపారనుకోండి. దానిలో పేలుడు సెకనుకు 4,000 మీటర్ల వేగంతో పాకుతుందని అనుకుందాం. ఆ మూడు మీటర్లు పాకడానికి పట్టే కాలం 3 ÷ 4,000, అంటే 0.00075 సెకను. కనురెప్ప వేసే కాలంలో ఇది వందో వంతు కూడ ఉండదు.

ఆ క్షణంలో రెండు పనులు జరుగుతాయి. మొదట ఒత్తిడి తరంగం రాతిలోకి దూసుకుపోతుంది. వెనువెంటనే వేడి వాయువులు విపరీతమైన ఒత్తిడితో వ్యాపించి పగుళ్ళలో దూరతాయి. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని లాగుడును తట్టుకోలేదు. ఒత్తిడి తరంగం రాతి బయటి ముఖాన్ని, అంటే గాలి తగిలే వైపును, చేరగానే అక్కడినుంచి వెనక్కు తిరుగుతుంది. అలా తిరిగిన తరంగం రాతిని లాగుతుంది. రాయి పగిలేది అక్కడే. అప్పుడు వాయువులు ఆ ముక్కలను ముందుకు తోసేస్తాయి.

కాబట్టి బ్లాస్టరు మొదట నేర్చుకునేది రంధ్రానికీ బయటి ముఖానికీ మధ్య ఉండవలసిన దూరం. అది ఎక్కువైతే రాయి పగలక నేల మాత్రం కంపిస్తుంది. తక్కువైతే శక్తి మిగిలిపోయి రాళ్ళు తుపాకి గుండ్లలా ఎగురుతాయి. రంధ్రం మూతి దగ్గర మట్టీ, ఇసుకా బిగించి కూరడం కూడ అందుకే. మూతి వదులుగా ఉంటే వాయువులు రాతిని పగులగొట్టకుండా సీసా బిరడా ఎగిరినట్టు బయటకు తన్నుకొస్తాయి. ఆ మట్టి కూరడానికి కర్ర వాడతారు గాని ఇనుప కడ్డీ వాడరాదు. ఇనుము రాతికి తగిలితే నిప్పురవ్వ పుడుతుంది.

రెండవ పాఠం గాలి

భూగర్భ బొగ్గు గనిలో రాతికంటే గాలి ప్రమాదకరం. బొగ్గు పొరల్లో చిక్కుకున్న మీథేను వాయువు తవ్వినకొద్దీ బయటకు వస్తుంది. అది గాలికంటే తేలిక కనుక పైకప్పు గుంటల్లో చేరుతుంది. గాలిలో మీథేను సుమారు 5 శాతం నుంచి 15 శాతం దాకా ఉన్నప్పుడు పేలుతుంది. అంతకంటే తక్కువయితే ఇంధనం చాలదు. ఎక్కువయితే ఆక్సిజన్ చాలదు.

1815లో హంఫ్రీ డేవీ చేసిన రక్షణ దీపం ఈ వాయువును చూపించేది. దాని చిన్న మంట చుట్టూ నీలిరంగు టోపీలాంటి వెలుగు కనబడితే మీథేను ఉన్నదని అర్థం. టోపీ ఎత్తునుబట్టి శాతం చెప్పవచ్చు. ఇప్పుడు అంకెలు చూపే మీథేను మీటర్లు ఉన్నాయి. పరికరం ఏదయినా నియమం మారలేదు. మందు నింపే ముందు ఒకసారి, పేల్చే ముందు మరొకసారి గాలిని పరీక్షించాలి. వాయువు కనబడితే పేల్చరాదు.

బొగ్గు గనుల్లో వాడే పేలుడు పదార్థం కూడ వేరు. అందులో ఉప్పు కలుపుతారు. మనం తినే ఉప్పులోని సోడియం క్లోరైడే అది. పేలినప్పుడు పుట్టే వేడిలో కొంత భాగాన్ని అది పీల్చుకుని మంటను చల్లబరుస్తుంది. మంట చిన్నదయి, త్వరగా ఆరిపోతుంది. మీథేను అంటుకునే అవకాశం తగ్గుతుంది.

సన్నని బొగ్గు ధూళి కూడ గాలిలో లేచినప్పుడు పేలుతుంది. 1965 మే 28న అప్పటి బీహారు, నేటి జార్ఖండ్‌లోని ధోరి గనిలో ధూళి పేలుడువల్ల 268 మంది చనిపోయారు. అందుకే గని దారుల్లో మండని రాతిపొడి చల్లుతారు. ధూళి లేవకుండా నీళ్ళు కొడతారు. ఇవి జరిగాయో లేదో చూడకుండా షాట్‌ఫైరర్ మీటమీద చెయ్యి వేయరాదు.

మూడవ పాఠం ఒక లెక్క

ఓపెన్‌కాస్ట్ గనిలో 36 రంధ్రాలు వేసి ఒక్కొక్కదానిలో 25 కిలోల పేలుడు పదార్థం నింపారనుకోండి. మొత్తం 900 కిలోలు. 600 మీటర్ల దూరాన ఒక పల్లె ఉంది. అన్నీ ఒకేసారి పేలిస్తే ఇళ్ళ గోడలు అదురుతాయి. మరి ఎలా?

కంపనం బలాన్ని అంచనా వేయడానికి ఇంజనీర్లు ఒక సులువైన కొలత వాడతారు. దూరాన్ని మీటర్లలో తీసుకుని, ఒక్కసారిగా పేలే పదార్థపు బరువుకు వర్గమూలం కట్టి, దానితో భాగించాలి. వచ్చిన అంకె ఎంత పెద్దదయితే కంపనం అంత తక్కువ.

అన్నీ ఒకేసారి పేలిస్తే: 900కు వర్గమూలం 30. 600 ÷ 30 = 20.

ఒక్కొక్క రంధ్రాన్ని విడిగా పేలిస్తే: 25కు వర్గమూలం 5. 600 ÷ 5 = 120.

రెండవ అంకె మొదటిదానికి ఆరు రెట్లు. అంటే పల్లెను 600 మీటర్లనుంచి 3,600 మీటర్ల దూరానికి జరిపినంత లాభం! పల్లె జరగలేదు, రాయి కూడ అంతే పగిలింది. మారినదల్లా పేలే సమయం. ఒక్కొక్క రంధ్రానికి మధ్య 25 మిల్లీసెకన్ల తేడా పెడితే చాలు. 36 రంధ్రాల మధ్య 35 విరామాలు ఉంటాయి. 35 × 25 = 875 మిల్లీసెకన్లు. మొత్తం పని ఒక్క సెకనులోపే ముగుస్తుంది. మన చెవికి అది ఒకే పేలుడులా తోస్తుంది గాని నేలకు ఆ తేడా తెలుస్తుంది.

1997లో గనుల భద్రతా డైరెక్టరేట్ గని బయటి ఇళ్ళకు ఒక హద్దు సూచించింది. కంపనం సెకనుకు 8 సార్లకంటే తక్కువగా ఊగితే నేలకణాల వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటరాదు. 8 నుంచి 25 సార్ల మధ్య అయితే 10 మిల్లీమీటర్లు, అంతకు మించి ఊగితే 15 మిల్లీమీటర్లు. నెమ్మదిగా ఊగే కంపనానికి హద్దు తక్కువ పెట్టడంలో అర్థం ఉంది. ఇళ్ళు కూడ సహజంగా నెమ్మదిగానే ఊగుతాయి. రెండు ఊపులూ కలిస్తే, ఊయలను సరైన సమయంలో తోసినట్టు, అదురు పెరిగిపోతుంది.

ఎగిరే రాళ్ళకోసం మరో హద్దు ఉంది. 2017 బొగ్గు గనుల నిబంధనలు పేల్చే చోటినుంచి 500 మీటర్ల వ్యాసార్థాన్ని ప్రమాద ప్రాంతమన్నాయి. ఎర్రజెండాలవాళ్ళు మిమ్మల్ని ఆపేది అందుకే.

పేలని తూటా

మీట నొక్కాడు. ఒక తూటా పేలలేదు. ఇప్పుడు ఏమి చేయాలి? పరీక్షలో తప్పిన వారిని మళ్ళీ పరీక్షకు పంపవచ్చు. ఈ ప్రశ్నకు గనిలో తప్పు జవాబు చెప్పినవానికి రెండవ అవకాశం ఉండదు.

1961 నిబంధనల జవాబు ఇది. ఫ్యూజు తాడుతో పేల్చి ఉంటే 30 నిమిషాలు ఎవ్వరూ అక్కడకు పోరాదు. తాడు లోపల నివురుగప్పిన నిప్పులా కాలుతూ ఉండవచ్చు. విద్యుత్తుతో పేల్చి ఉంటే తీగలు విడదీసి 5 నిమిషాలు ఆగాలి. ఆ తరువాత కూడ మందును తవ్వి తీయబోరాదు. దానికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, సమాంతరంగా కొత్త రంధ్రం వేయించి పేల్చాలి. అంతా తేలేవరకు ఆ చోటును కంచె కట్టి మూసివేయాలి. పని ముగియకముందే షిఫ్టు మారితే వచ్చేవానికి ఆ విషయం తెలియజేసి మరీ వెళ్ళాలి.

పేలిన తరువాత వచ్చే పొగ కూడ మంచిది కాదు. అందులో కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు ఉంటాయి. మొదటిదానికి రంగూ వాసనా ఉండవు. గాలి తేటపడి, బ్లాస్టరు తానే ముందు వెళ్ళి చూసి, 'సరే' అన్నాకనే మిగతావారు అడుగు పెట్టాలి.

జీతం గురించి ఒక నియమం

నిబంధనల పుస్తకంలో రసాయనశాస్త్రంతోగాని భౌతికశాస్త్రంతోగాని సంబంధం లేని ఒక వాక్యం ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే తెలివైనది అదే. పేల్చడంవల్ల ఎంత ఖనిజం పడిందో దానినిబట్టి కూలి వచ్చే మనిషిని షాట్‌ఫైరర్‌గా గాని బ్లాస్టరుగా గాని నియమించరాదు.

ఎందుకో ఆలోచించండి. షిఫ్టు ముగియడానికి ఇంకా అరగంటే ఉంది. బొగ్గు టబ్బులు ఖాళీగా నిలబడి ఉన్నాయి. పై అధికారి గడియారం చూస్తున్నాడు. తోటివారు "కానీయవయ్యా" అంటున్నారు. మీథేను మీటరు కొంచెం ఎక్కువ చూపుతోంది. టన్నుకు ఇంత అని కూలి తీసుకునే మనిషి అప్పుడు ఏమి చేస్తాడు? "ఈ ఒక్కసారికి" అనుకుంటాడు. అతడు చెడ్డవాడు కానక్కరలేదు. ఇంట్లో పిల్లలున్నవాడు అయితే చాలు. ఆ బరువును అతని మనసుమీద పెట్టకూడదని చట్టం ముందే ఆలోచించింది.

అంటే యోగ్యతా పత్రం చేతికి వచ్చినప్పుడు అతనికి దక్కేది పేల్చే అధికారం మాత్రమే కాదు. "ఇప్పుడు పేల్చను" అనే అధికారం కూడ. చదివిన రసాయనశాస్త్రమూ, కట్టిన లెక్కలూ, చెవి పరీక్షా, వాయు పరీక్షా అన్నీ కలిసి అతనికి ఆ మాట ఎప్పుడు చెప్పాలో నేర్పుతాయి. అందుకే పేల్చే యంత్రం తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. ఎంత నమ్మకస్తుడయినా మరొకరి చేతికి ఇవ్వరాదు.

పత్రం వచ్చాక

పత్రం వచ్చినంత మాత్రాన చదువు ముగియదు. ఓపెన్‌కాస్ట్ గనులకు మాత్రమే పరిమితమైన పత్రం ఉన్నవాడు భూగర్భంలో పేల్చరాదు. అరవై ఏళ్ళు దాటినవారు ఏడాదికొకసారి వైద్యపరీక్షకు నిలబడాలి. నిర్లక్ష్యం రుజువయితే పత్రాన్ని నిలిపివేయవచ్చు, రద్దు కూడ చేయవచ్చు. గనుల వెలుపల, అంటే రోడ్లూ బావులూ తవ్వేచోట పేల్చేవారికి ఈ పత్రం పనికిరాదు. వారికి 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలు వర్తిస్తాయి. వాటిని చూసే సంస్థ ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది.

చాలాకాలం భూగర్భ గనుల్లోకి స్త్రీలకు ప్రవేశం ఉండేది కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనుల్లో షరతులతో వారికి అనుమతి ఇచ్చింది. కనుక ఈ పాఠం చదివే బాలికలు కూడ గని చదువు మనది కాదనుకోనక్కరలేదు.

చివరగా మీకొక మాట. గనుల దగ్గరా, క్వారీల దగ్గరా, కొత్తగా తవ్విన బావుల దగ్గరా తీగలున్న చిన్న లోహపు గొట్టం కనబడితే అది పేలని డిటొనేటర్ కావచ్చు. చూడటానికి కలం మూతలా ఉంటుంది గాని చేతివేళ్ళు ఎగరగొట్టడానికి అది చాలు. ముట్టవద్దు, తన్నవద్దు, జేబులో వేసుకోవద్దు. అక్కడ ఎవరినీ దగ్గరకు రానీయకుండా పెద్దలకు చెప్పి, పోలీసులకు కబురు చేయించండి. ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన బ్లాస్టరు కూడ అలాంటి దాని ముందు మొదట చేసే పని ఆగడమే.

ఆలోచించి జవాబు చెప్పండి

1. 49 రంధ్రాల్లో ఒక్కొక్కదానిలో 16 కిలోలు నింపారు. ఊరు 560 మీటర్ల దూరంలో ఉంది. అన్నీ ఒకేసారి పేల్చినప్పుడూ, విడివిడిగా పేల్చినప్పుడూ వచ్చే అంకెలను కనుక్కోండి. (జవాబు: 20, 140.)

2. గాలిలో మీథేను 20 శాతం ఉన్నచోట అది పేలదు. అయినా ఆ చోటు సురక్షితం కాదు. ఎందుకు? అక్కడికి మంచి గాలి వచ్చి కలిస్తే ఏమవుతుందో ఊహించండి.

3. మీ స్కూలు ప్రయోగశాలలో "ఇప్పుడు చేయవద్దు" అని చెప్పగల అధికారం ఎవరికి ఉంది? ఆ మాటను వారు ఎప్పుడెప్పుడు చెప్పాలో ఒక పట్టిక రాయండి.